బతుకుదెరువుకు వచ్చినవాళ్లకు సర్కారు సాయం

తాండూరు బండ లేని ఇల్లు మన దిక్కు లేదు. ఇంట్లో పరిచేది అదే. అరుగుకు వేసేది అదే. బట్టలుతికే బండ కూడా అదే. నీలం రంగుది ఒకటి, పసుపు రంగుది ఒకటి. దీన్నే నాపరాయి అంటారు. షాబాదు బండ అని కూడా అంటారు. షాబాద్ అనేది పక్కనే ఉన్న కర్ణాటకలోని ఊరు.

ఈ రాయి నేల కింద పొరలు పొరలుగా ఉంటుంది. గనిలో దాన్ని పలకలుగా లేపుతారు. పాలిషింగ్ యూనిట్‌కు తెస్తారు. మిషన్ మీద కోసి నునుపు చేస్తారు. తర్వాత లారీకి ఎక్కిస్తారు. ఈ పని అంతా ఎవరు చేస్తున్నారు?

మన ఊళ్లవాళ్లు చేస్తున్నారు. వాళ్లతోపాటు బయటి నుంచి వచ్చినవాళ్లూ చేస్తున్నారు. కొందరు కర్ణాటక నుంచి వస్తారు. కొందరు బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా లాంటి దూరపు రాష్ట్రాల నుంచి రైలెక్కి వస్తారు. ఇటుక బట్టీల్లో, ఇళ్లు కట్టే చోట కూడా ఇట్లాంటివాళ్లు కనిపిస్తారు. కొందరు ఒంటరిగా వస్తారు. కొందరు భార్యాపిల్లలతో వస్తారు. యూనిట్ పక్కనో, బట్టీ పక్కనో రేకుల షెడ్డులో ఉంటారు. వాళ్ల మాట మనకు అర్థం కాదు. మన మాట వాళ్లకు అర్థం కాదు. అందుకే పక్కనే ఉన్నా వాళ్ల సంగతి మనకు తెలియదు.

బతుకుదెరువు కోసం సొంతూరు విడిచి ఇంకో ఊరికి పోవడాన్ని వలస అంటారు. వలస మనకు కొత్త కాదు. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడింది. అప్పుడు కొడంగల్, దౌల్తాబాద్, బొంరాస్‌పేట మండలాలు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఇందులో కలిశాయి. అక్కడి ఊళ్ల నుంచి, తండాల నుంచి ముంబైకి, పుణేకి పనికి పోయిన కుటుంబాలు ఎన్నో. 'పాలమూరు లేబర్' అన్న మాట దేశమంతా తెలుసు. ముంబైలో కామాటిపుర అనే పేట ఉంది. ఆ పేరు తెలంగాణ నుంచి కట్టుబడి పనికి పోయిన కామాటీల వల్లనే వచ్చింది.

అంటే ఒకే రైలు లైను మీద మనవాళ్లు అటు పోతున్నారు, వేరేవాళ్లు ఇటు వస్తున్నారు. ఇక్కడ వాళ్లకు వచ్చే కష్టమే అక్కడ మనవాళ్లకూ వస్తుంది.

'నీ ఊరేది?'

వలస వచ్చిన మనిషిని అందరూ ముందు అడిగే ప్రశ్న ఇది. కంట్రోలు షాపుకు పోతే అడుగుతారు. దవాఖానకు పోతే అడుగుతారు. పిల్లను బడిలో వేద్దామన్నా అడుగుతారు. ఊరు పేరు చెప్పగానే 'నీ కాగితాలు ఇక్కడివి కావు, నీ ఊరికి పో' అంటారు. ఆమె తిరిగి వస్తుంది. ఇంకోసారి పోదు.

కానీ చట్టం చూస్తే సంగతి వేరే ఉంది. బియ్యం, టీకా, కాన్పు, బడి, పుట్టిన సర్టిఫికెట్, కూలి. వీటిలో దేనికీ 'ఇక్కడి మనిషివా?' అన్న షరతు లేదు. ఆ మనిషి ఇప్పుడు ఎక్కడ ఉంటే అక్కడే ఇవ్వాలి. ఈ మాట వలస వచ్చినవాళ్లకు తెలియదు. కొన్నిసార్లు ఇచ్చేవాళ్లకు కూడా తెలియదు. అందుకే ఒక్కొక్కటి చూద్దాం.

కంట్రోలు బియ్యం

మన దేశంలో 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. ఆ చట్టం కింద కార్డున్న ప్రతి మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం రావాలి. అంత్యోదయ కార్డు ఉంటే కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది ఉచితం.

ఒకప్పుడు ఏ ఊరి కార్డు ఆ ఊరి షాపులోనే నడిచేది. బీహార్ నుంచి వచ్చిన మనిషి కార్డు బీహార్‌లోనే ఉండేది. ఇక్కడ బజారులో కొనుక్కు తినేవాడు. సంపాదించిన కూలి తిండికే పోయేది. ఇప్పుడు అట్లా కాదు. 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు' అనే పద్ధతి వచ్చింది. 2019 ఆగస్టు 9న దీన్ని ముందు నాలుగు రాష్ట్రాల్లో మొదలుపెట్టారు. తెలంగాణ కార్డు ఆంధ్రప్రదేశ్‌లో, ఆంధ్రప్రదేశ్ కార్డు తెలంగాణలో నడిచింది. గుజరాత్, మహారాష్ట్రల మధ్య కూడా అట్లాగే. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో దేశమంతా అయిపోయింది.

ఇది ఎట్లా పనిచేస్తుంది? షాపులో వేలిముద్ర మిషన్ ఉంది కదా. ఆ మనిషి తన రేషన్ కార్డు నంబరో, ఆధార్ నంబరో చెప్పాలి. కార్డు చేతిలో ఉండాల్సిన పనిలేదు, నంబరు ఉంటే చాలు. వేలు పెట్టాలి. మిషన్‌లో పేరు కనిపిస్తుంది. బియ్యం ఇస్తారు. చిరునామా మార్చుకోవాల్సిన పని లేదు. కొత్త కార్డు అక్కర లేదు. ఆధార్ మీద బీహార్ చిరునామా ఉన్నా సరే.

ఇంకో మేలు ఉంది. ఇంట్లో సగం మంది సొంతూరిలో, సగం మంది ఇక్కడ ఉంటారు. అక్కడ అత్తమామలు వాళ్ల వాటా తీసుకోవచ్చు. ఇక్కడ కొడుకూ కోడలూ వాళ్ల వాటా తీసుకోవచ్చు. మొత్తం కలిపి కార్డుకు రావాల్సిన దానికి మించకూడదు, అంతే.

వలస వచ్చినవాళ్లకు మన సన్నబియ్యం రావాలా అని కొందరు అడుగుతారు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాది నుంచి రాష్ట్రంలోని కార్డులకు మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తోంది. బయటి కార్డుకు కేంద్రం లెక్క ప్రకారం మనిషికి 5 కిలోలు. అది కేంద్రం ఇచ్చే బియ్యం. మన వాటాలో కోత పడదు. ఈ సంగతి తెలియక 'వీళ్లు మన బియ్యం తింటున్నారు' అనుకునేవాళ్లు ఉన్నారు. అది తప్పు.

అయితే బయటి కార్డులన్నీ నడవవు. ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే కార్డే నడుస్తుంది. ఆ కార్డుకు ఆధార్ కలిపి ఉండాలి. గని పనిలో, ఇటుక పనిలో వేళ్లు అరిగిపోతాయి. మిషన్ వేలిముద్ర పట్టదు. అప్పుడు వేరే వేలు పెట్టి చూడాలి. కంటిపాపతో గుర్తుపట్టే మిషన్ ఉంటే దానితో చూడమని అడగాలి. అయినా డీలర్ ఇవ్వనంటే 14445కు ఫోన్ చేయవచ్చు. ఈ నంబరు ఇట్లాంటి రేషన్ ఫిర్యాదుల కోసమే పెట్టారు. డబ్బులు పడవు.

తల్లీ బిడ్డా

ఒడిశా నుంచి వచ్చిన ఒక తల్లి ఇటుక బట్టీలో పని చేస్తోంది అనుకుందాం. ఆమెకు ఆరో నెల. సొంతూరిలో అంగన్‌వాడీలో పేరు రాయించుకుంది. మూడో నెలలో ఇక్కడికి వచ్చింది. ఇప్పుడామె ఎవరి లెక్కలో ఉంది? అక్కడివాళ్లు 'పోయింది' అని రాసుకున్నారు. ఇక్కడివాళ్లు 'మనది కాదు' అనుకున్నారు. ఆమె ఎవరి లెక్కలోనూ లేదు. గుడ్డు లేదు, పాలు లేవు, రక్తం బలపడే మాత్ర లేదు. రోజంతా మట్టి తొక్కుతుంది.

ఇది జరగకూడదు. అంగన్‌వాడీలు మన దేశంలో 1975లో మొదలయ్యాయి. గర్భిణి, బాలింత, ఆరేళ్ల లోపు పిల్లలు, వీళ్లు ఏ ఊరివాళ్లైనా దగ్గరలోని అంగన్‌వాడీలో చేరవచ్చు. ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు చేతిలో ఫోన్ ఉంది. అందులో పోషణ్ ట్రాకర్ అనే లెక్క ఉంటుంది. ఒక ఊరిలో ఉన్న పేరును ఇంకో ఊరికి మార్చే వీలు అందులోనే పెట్టారు. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి ఉంది. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు పూట భోజనం, గుడ్డు, పాలు పెడతారు.

ఆశా కార్యకర్త దగ్గర తల్లీబిడ్డల కార్డు ఉంటుంది. సొంతూరి కార్డు ఉంటే అదే ఇక్కడ నడుస్తుంది. అందులో ఏ టీకా పడిందో, ఏది పడలేదో రాసి ఉంటుంది. కార్డు పోగొట్టుకుంటే కొత్తది రాస్తారు. కాన్పుకు సర్కారు దవాఖానకు పోవాలి. తాండూరులో జిల్లా దవాఖాన ఉంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష పథకం ప్రకారం సర్కారు దవాఖానలో కాన్పుకు పైసలు తీసుకోకూడదు. ఆపరేషన్ అయినా అంతే. మందులు, రక్తం, పరీక్షలు, భోజనం అన్నీ ఉచితం. ఊరు ఏదైనా అంతే. నొప్పులొస్తే 108కి ఫోన్ చేస్తే బండి షెడ్డు దగ్గరికే వస్తుంది. కానీ షెడ్డు ఎక్కడుందో తెలుగులో చెప్పగలిగినవాళ్లు ఒకరు పక్కన ఉంటే ఎంతో మేలు.

బిడ్డ పుట్టాక ఒక పని మరిచిపోవద్దు. పుట్టిన సర్టిఫికెట్ తీసుకోవాలి. బిడ్డ ఏ ఊరిలో పుడితే ఆ ఊరి మున్సిపాలిటీలోనో, పంచాయతీలోనో పేరు ఎక్కాలి. తల్లిదండ్రుల సొంతూరిలో కాదు. తాండూరులో పుట్టిన బిడ్డ పుట్టుక తాండూరులోనే ఎక్కుతుంది. 21 రోజుల్లో రాయిస్తే రుసుము లేదు. ఏడాది దాటితే పెద్ద ఆఫీసర్ల ఆర్డరు కావాలి. వలస కుటుంబం అప్పటికి ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. మళ్లీ ఇక్కడికి వచ్చి తిరగడం వాళ్ల చేత కాదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ, ఇంకెన్నో పనులకూ ఈ కాగితమే ముఖ్యం. కాబట్టి దవాఖాన విడిచేలోపే 'సర్టిఫికెట్‌కు పేరు రాశారా?' అని అడగాలి.

పోలియో చుక్కలు నేర్పిన పాఠం

ఇంత రాసినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. రోజూ పొద్దున ఆరు నుంచి చీకటి పడేదాకా పనిలో ఉండే ఆడమనిషి ఆఫీసుకు ఎప్పుడు పోవాలి? పోతే ఆ రోజు కూలి పోతుంది. ఆఫీసే ఆమె దగ్గరికి రావాలి. ఇది జరిగే పనేనా?

జరిగింది. పల్స్ పోలియో గుర్తుందా? ఆదివారం చుక్కలు వేసేవాళ్లు. అంతటితో ఊరుకునేవాళ్లు కాదు. తర్వాత ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. రైల్వే స్టేషన్‌లో, బస్టాండులో డబ్బా పట్టుకుని నిలబడేవాళ్లు. ఇటుక బట్టీలకు, గుడిసెల దగ్గరికి, సంచార జాతుల డేరాల దగ్గరికి పోయేవాళ్లు. చుక్కలు వేసి పిల్లల వేలికి గుర్తు పెట్టేవాళ్లు. ఒక్కరు కూడా 'నీ ఊరేది, కార్డేది' అని అడగలేదు. ఎందుకంటే ఒక్క పిల్ల మిగిలిపోయినా రోగం మళ్లీ వస్తుంది. వలస కుటుంబాల పిల్లలే ఎక్కువగా మిగిలిపోతున్నారని ఆరోగ్య శాఖ గమనించింది. అందుకే వాళ్లను వెతుక్కుంటూ పోయింది. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చింది. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది.

2014 డిసెంబరులో మిషన్ ఇంద్రధనుష్ మొదలైంది. మిగతా టీకాలకు కూడా ఇట్లాగే బట్టీలకు, కట్టుబడి పనుల దగ్గరికి పోవాలని పెట్టారు. టీకాకు పోగలిగిన సర్కారు బియ్యానికి, బడికి ఎందుకు పోలేదు? పోవచ్చు. అడిగేవాళ్లు ఉంటే పోతుంది. ఓటు లేనివాళ్ల దగ్గరికి నాయకులు కూడా ఎక్కువగా పోరు. ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ ఉండేవాళ్లకు రెండు చోట్లా ఎవరి పట్టింపూ ఉండదు.

పిల్లల బడి

2010 ఏప్రిల్ 1 నుంచి విద్యా హక్కు చట్టం అమలులో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ బడి హక్కు. ఆ చట్టంలో ఒక మాట స్పష్టంగా ఉంది. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చే బాధ్యత స్థానిక ప్రభుత్వానిది. అంటే టీసీ తేలేదని ఆపకూడదు. వయసు కాగితం లేదని ఆపకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలి.

చేర్చుకున్నాక భాష సంగతి? ఒడియా పిల్లకు తెలుగు పాఠం ఏం అర్థమవుతుంది? తెలంగాణలో కొన్ని ఇటుక బట్టీల దగ్గర పని స్థలంలోనే బడులు పెట్టారు. ఒడియా వచ్చిన టీచర్లతో, ఒడిశా పుస్తకాలతో చదువు చెప్పించారు. బట్టీ పని అయిపోయాక పిల్లలు సొంతూరికి పోయి అక్కడి బడిలో కలిసిపోవడానికి ఇది మంచి దారి. అన్ని చోట్లా ఇట్లాంటి బడి లేదు. ఎక్కడైనా షెడ్డుల దగ్గర పదిమంది పిల్లలు బడి లేకుండా కనిపిస్తే మండల విద్యాధికారికి చెప్పవచ్చు. పిల్లలు పనిలో కనిపిస్తే 1098కి చెప్పాలి.

హిందీ వచ్చిన పిల్లలతో మనకు అంత కష్టం లేదు. తాండూరులో ఉర్దూ అంతో ఇంతో రాని మనిషి తక్కువే. కన్నడం కూడా కొందరికి తెలుసు. ఇన్ని భాషలు కలిసిన ఊరిలో ఒక బీహారు తల్లికి దవాఖానలో మాట సాయం దొరకకపోవడం వింతే.

కేరళలో ఏం చేశారో చూడండి. అక్కడికి బెంగాల్, అస్సాం, బీహార్ నుంచి చాలామంది పనికి పోతారు. కేరళ సాక్షరతా మిషన్ 2017లో వాళ్ల కోసమే ఒక చదువు కార్యక్రమం మొదలుపెట్టింది. దాని పేరు 'చంగాతి'. మలయాళంలో ఆ మాటకు స్నేహితుడని అర్థం. పెరుంబావూరు అనే పట్టణంలో మొదలైంది. కూలీలకు మలయాళం చదవడం, రాయడం నేర్పారు. బస్సు బోర్డు చదవడానికి, దవాఖానలో మాట్లాడడానికి, కూలి లెక్క అడగడానికి ఆ చదువు అక్కరకొస్తుంది. దూరదేశాల్లో కూడా ఇట్లాంటివి ఉన్నాయి. అమెరికాలోని న్యూయార్క్ నగరంలో 2017 చట్టం ప్రకారం నగర ఆఫీసులు ముఖ్యమైన కాగితాలను ఇంగ్లీషు కాకుండా ఇంకో 10 భాషల్లో ఇవ్వాలి. ఆ పదిలో మన దిక్కు భాషలు రెండున్నాయి, బెంగాలీ, ఉర్దూ.

కూలి, అడ్వాన్సు, ఆడవాళ్ల పేరు

మేస్త్రి సొంతూరికి పోయి అడ్వాన్సు ఇస్తాడు. దాన్ని పని చేసి తీర్చాలి. బట్టీలో వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. భార్యాభర్తలు కలిసి చేస్తారు. లెక్క మాత్రం మగవాని పేరు మీదే ఉంటుంది. ఆమె మట్టి కలిపింది, ఇటుక తీసింది, మోసింది. పుస్తకంలో ఆమె పేరే లేదు. మగవాడు తాగి లెక్క చెడగొట్టినా ఆమె అడగలేదు. అతనికి ఏదైనా అయితే 'నీ పేరు మా దగ్గర లేదు' అంటారు. వలసలో ఆడవాళ్లకు జరిగే పెద్ద అన్యాయం ఇదే.

ఒక పనికి ఆడా మగా ఒకే కూలి అని 1976 నుంచే చట్టం ఉంది. వలస కార్మికుల కోసం 1979లో వేరే చట్టం చేశారు. వీటన్నిటి స్థానంలో పార్లమెంటు కొత్త కార్మిక చట్టాలు చేసింది. అవి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. సమాన కూలి మాట వాటిలోనూ ఉంది. మేస్త్రి తెచ్చినవాళ్లనే కాదు, తనంతట తాను వచ్చి పనిలో చేరిన మనిషిని కూడా ఇప్పుడు వలస కార్మికుల లెక్కలో చేర్చారు. ఏడాదికి ఒకసారి సొంతూరికి పోయిరావడానికి యజమాని ఖర్చు ఇవ్వాలని కూడా ఉంది. అయితే ఈ చట్టం వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లకే. ఇక్కడొక చిత్రం ఉంది. చించోలి తాలూకా నుంచి తాండూరుకు వచ్చిన మనిషి పక్కింటి మనిషి లెక్కే, కానీ చట్టం ప్రకారం వేరే రాష్ట్రం. ఎక్కడో ఆదిలాబాద్ నుంచి వచ్చిన మనిషి ఆ లెక్కలోకి రాదు.

'అడ్వాన్సు తీరేదాకా ఇక్కడి నుంచి కదలొద్దు' అని ఆపితే అది వెట్టిచాకిరి. వెట్టిచాకిరిని 1976 చట్టం నేరం అంటుంది. అట్లాంటి అప్పు చెల్లదు. ఎవరినైనా అట్లా ఆపి ఉంచితే తాండూరు ఆర్డీఓకు గానీ, వికారాబాద్‌లో కలెక్టరుకు గానీ చెప్పాలి. వాళ్లు విచారణ చేసి విడుదల సర్టిఫికెట్ ఇస్తారు. ఆ కాగితం ఉంటే సర్కారు సాయం వస్తుంది. తొందరగా సాయం కావాలంటే 112కు ఫోన్ చేయాలి. కలెక్టరాఫీసులో సోమవారం ప్రజావాణి ఉంటుంది. అక్కడ ఎవరైనా అర్జీ ఇవ్వవచ్చు. రాయడం వచ్చిన మీలాంటివాళ్లు రాయలేని ఒక తల్లికి అర్జీ రాసిపెట్టవచ్చు. వకీలు కావాలంటే 15100 ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

ఇళ్లు కట్టే పనిలో ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉంటే, వయసు 18 నుంచి 60 మధ్య ఉంటే, కార్మిక శాఖలో పేరు రాయించుకోవచ్చు. కాన్పుకు, పనిలో ప్రమాదానికి సాయం వస్తుంది. బయటి రాష్ట్రం వాళ్లూ రాయించుకోవచ్చు.

లెక్కలో లేకపోతే ఏమవుతుంది?

2020 మార్చి 25న కరోనా లాక్‌డౌన్ మొదలైంది. పని ఆగింది. కూలి ఆగింది. రైళ్లు ఆగాయి. అప్పుడు తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డు లేని వలస కార్మికులకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని చెప్పింది. అప్పుడొచ్చింది ప్రశ్న. ఎవరు, ఎక్కడ ఉన్నారు? ఏ ఆఫీసు దగ్గరా పూర్తి జాబితా లేదు. రెవెన్యూ వాళ్లు, పోలీసులు, మున్సిపాలిటీ వాళ్లు షెడ్డు షెడ్డు తిరిగి పేర్లు రాసుకోవాల్సి వచ్చింది. పేరు ఎక్కినవాళ్లకు బియ్యం అందింది. ఎక్కనివాళ్లు నడక మొదలుపెట్టారు. మే 1న మొదటి శ్రామిక్ రైలు కదిలింది. అది కదిలింది మన లైనులోని లింగంపల్లి స్టేషన్ నుంచే. దాదాపు 1200 మందిని జార్ఖండ్‌లోని హతియాకు తీసుకుపోయింది. దారిలో ఎంతమంది కూలీలు చనిపోయారో లెక్క లేదని కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో పార్లమెంటులో చెప్పింది.

ఆ తర్వాత 2021 ఆగస్టు 26న ఈ-శ్రమ్ అనే జాబితా మొదలైంది. 16 నుంచి 59 ఏళ్లవాళ్లు, పీఎఫ్, ఈఎస్ఐ లేని కూలీలు పేరు రాయించుకోవచ్చు. ఆధార్, బ్యాంకు ఖాతా నంబరు ఉండాలి. 12 అంకెల నంబరున్న కార్డు ఇస్తారు. పేరు ఎక్కించడం ఉచితం. ఈ కార్డుతో నెలనెలా పైసలు వస్తాయని కొందరు చెప్తారు. అది నిజం కాదు. మనిషి లెక్కలోకి వస్తుంది, అంతే. కానీ లెక్కలో ఉండడం ఎంత అవసరమో 2020లో చూశాం. సందేహం ఉంటే 14434కు ఫోన్ చేయవచ్చు.

మనవాళ్లు రైలెక్కే ముందు

ఇక మన ఊరి నుంచి ముంబైకో, పుణేకో పోయే అక్కల సంగతి. తెలంగాణలో రెండు రకాల కార్డులున్నాయి. కొన్ని కేంద్రం ఆహార భద్రత చట్టం కిందివి. కొన్ని రాష్ట్రం సొంతంగా ఇచ్చినవి. రాష్ట్రం లోపల ఏ షాపులోనైనా రెండూ నడుస్తాయి. రాష్ట్రం దాటితే కేంద్రం లెక్కలోని కార్డే నడుస్తుంది. మీది ఏ రకమో డీలర్‌ను అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో అందరి వేలిముద్రా మిషన్‌లో ఎక్కిందా అని కూడా అడగాలి. ముంబై పోయాక ఇది తేలితే అక్కడ ఎవరూ చేయగలిగేది లేదు.

గర్భిణి అయితే తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకుపోవాలి. అంగన్‌వాడీ టీచరుకు 'ఫలానా చోటికి పోతున్నాను' అని చెప్పాలి. ఆమె ఫోన్‌లో మార్చుతుంది. క్షయ మందులు వాడుతున్నవాళ్లు మధ్యలో ఆపకూడదు. పోయిన చోటనే మందులు ఇస్తారు, ఉచితంగా. దవాఖానలో ముందే చెప్తే అక్కడికి పేరు మార్చి పంపుతారు. మందులు ఆపితే రోగం ముదురుతుంది, తర్వాత మామూలు మందులకు లొంగదు.

బడి ఈడు పిల్లలను వెంట తీసుకుపోవాలా, ఇక్కడ విడిచిపెట్టాలా అన్నది కష్టమైన ప్రశ్న. ముసలివాళ్ల దగ్గర విడిచిపెడితే ఆడపిల్ల ఇంటిపనిలో పడి బడి మానేస్తుంది. హాస్టల్‌లో, కస్తూర్బా బడిలో సీటు దొరికితే మేలు. జూన్‌లోనే అడిగి పెట్టుకోవాలి. దసరా తర్వాత పోయేముందు అడిగితే దొరకడం కష్టం.

ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కోండి. మొదటి పేజీలో రేషన్ కార్డు నంబరు, ఆధార్ నంబరు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాసుకోండి. ఫోన్ పోయినా బుక్కు ఉంటుంది. రెండో పేజీలో మేస్త్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు, తీసుకున్న అడ్వాన్సు, ఏ రోజు తీసుకున్నారో రాయండి. మూడో పేజీ నుంచి రోజుకో గీత. పని చేసిన రోజు తేదీ వేసి, భర్తది ఒక గీత, మీది ఒక గీత వేరువేరుగా పెట్టండి. వారానికి వచ్చిన ఖర్చు పైసలు పక్కన రాయండి.